బ్యాంకు అధికారి చదువు సొంత వ్యవహారం కాదు

కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,



నేను ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో డిప్యూటీ జనరల్ మేనేజర్‌ని. ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరి పాతికేళ్ళు దాటింది. అందులో ఎక్కువ కాలం అప్పుల విభాగంలోనే గడిచింది. మొదట బ్రాంచిలో, తర్వాత జోనల్ ఆఫీసులో, ఇప్పుడు హైదరాబాదులో పెద్ద ఖాతాలు చూసే కార్యాలయంలో పనిచేస్తున్నాను. నలభై ఎనిమిదో ఏట ఒక బిజినెస్ స్కూల్లో, ఉద్యోగం చేసుకుంటూ చదివే ఎగ్జిక్యూటివ్ ఎంబీయేలో చేరాను. ఈమధ్యే పూర్తయింది. సర్వీసు నిబంధనలు అడ్డం కనుక పేరు రాయడం లేదు, మన్నించండి.

మీరు తెలుగింటి కోడలు, మా భాష మీకు కొత్త కాదు. పైగా నేను చెప్పబోయేది రెండు తెలుగు రాష్ట్రాల్లో బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళందరూ చదవాలని నా కోరిక. అందుకే తెలుగులో రాస్తున్నాను. రాజకీయాల్లోకి రాకముందు హైదరాబాదులో ప్రణవ అనే బడిని నిలబెట్టినవాళ్ళలో మీరూ ఒకరు. చదువు ఎందుకో మీకు మొదటినుంచీ చెప్పనక్కర్లేదన్న ధైర్యం కూడా ఉంది.

అడగదలచుకున్నది ముందే చెప్తాను. ప్రభుత్వరంగ బ్యాంకుల్లో నడివయసుకు వచ్చిన అధికారి మళ్ళీ బడికి వెళ్ళడాన్ని బ్యాంకు పనిలో భాగంగా గుర్తించండి. అందుకు సెలవు, ఫీజు, చదివొచ్చాక ఆ చదువు అక్కరకొచ్చే పోస్టింగు నిబంధన ప్రకారం దొరకాలి. ఇవాళ అది ఆ మనిషి సొంత సరదా కింద జమ అవుతోంది. అలా ఎందుకు ఉండకూడదో నా అనుభవంలోంచి చెప్తాను.

బ్యాంకులో మా చదువంతా సర్క్యులర్ల మీద సాగుతుంది. కొత్త నిబంధన వస్తుంది, చదువుతాం, మర్నాటి నుంచి పాటిస్తాం. ఎందుకొచ్చిందని అడిగే తీరిక కౌంటరు ముందు జనం నిలబడి ఉన్నప్పుడు ఉండదు. తీరిక దొరికే హోదా వచ్చేసరికి అడిగే అలవాటు పోతుంది. నేను గుంటూరులో మేనేజరుగా ఉన్నప్పటి ఒక లెక్క చెప్తే, తరగతి గది నాకేమిచ్చిందో మీకు తెలుస్తుంది.

చిన్న పరిశ్రమకు వర్కింగ్ క్యాపిటల్ ఎంతివ్వాలన్నది మాకు ఎక్కంలా వచ్చు. వచ్చే ఏడాది అమ్మకాల అంచనాలో 20 శాతం. రిజర్వు బ్యాంకు 1991లో తన డిప్యూటీ గవర్నరు పి.ఆర్. నాయక్ అధ్యక్షతన వేసిన కమిటీ చూపిన దారి ఇది. ఇప్పటికీ దీని మీదే లిమిట్లు శాంక్షన్ అవుతుంటాయి. నా బ్రాంచిలో కారం మిల్లుల ఖాతాలు చాలా ఉండేవి. గుంటూరు యార్డుకు మిర్చి రాక ఫిబ్రవరి నుంచి మే దాకా జోరుగా ఉంటుంది. ఏడాది పొడవునా కారం ఆడాలంటే మిల్లు యజమాని ఆ నాలుగు నెలల్లోనే కాయ కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవాలి. మార్చి సగానికల్లా లిమిట్ నిండిపోయేది. “మేడమ్, ఇంకొంచెం పెంచండి, కాయ దొరికినప్పుడే కొనుక్కుంటాం” అని వచ్చి కూర్చునేవాళ్ళు. “మీ 20 శాతం నిండిపోయిందండీ, ఇంకా పెంచితే ఆడిట్‌లో రాస్తారు” అన్నది బ్యాంకు జవాబు. వాళ్ళు లేచి వడ్డీ వ్యాపారి దగ్గరికి పోయేవాళ్ళు. అక్కడ నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం.

చాలా ఏళ్ళ తర్వాత, వర్కింగ్ క్యాపిటల్ క్లాసులో, నాకన్నా వయసులో బాగా చిన్నవారైన ప్రొఫెసరు బోర్డు మీద ఆపరేటింగ్ సైకిల్ గీశారు. చేతిలోని డబ్బు సరుకై, సరుకు అమ్ముడుపోయి, రావలసిన బాకీ వసూలై, తిరిగి డబ్బుగా చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతుంది? “మీకు బాగా తెలిసిన వ్యాపారం ఒకటి తీసుకుని ఈ లెక్క వేసి చూపించండి” అన్నారు. నేను కారం మిల్లు తీసుకున్నాను.

20 శాతం వెనకున్న లెక్క సులువే. సైకిల్ మూడు నెలలు అనుకుంటే డబ్బు ఏడాదిలో నాలుగుసార్లు తిరుగుతుంది. కనుక అమ్మకాల్లో నాలుగో వంతు, అంటే 25 శాతం పెట్టుబడి కావాలి. అందులో 5 యజమాని పెట్టుకోవాలి, 20 బ్యాంకు ఇవ్వాలి. కారం మిల్లుకు మూడు నెలల సైకిల్ ఎక్కడిది? మే నెలాఖరుకు మిగతా ఎనిమిది నెలలకు సరిపడా కాయ కోల్డ్ స్టోరేజీలో ఉండాలి. అమ్మకం ధరలో కాయ ఖరీదే 70 శాతం అనుకుంటే, ఆ నిల్వ ఒక్కటే ఏడాది టర్నోవర్లో దాదాపు 47 శాతం అవుతుంది. పైగా రిజర్వు బ్యాంకు చెప్పింది కనీసం 20 శాతం ఇవ్వమని. పై ఆఫీసుల మీదుగా బ్రాంచి దాకా దిగేసరికి అంతకుమించి ఇవ్వకూడదన్నట్టు స్థిరపడిపోయింది.

ఈ లెక్కకు ఎంబీయే కావాలా అని మీరు అడగవచ్చు. లెక్కకు అక్కర్లేదు. రోజూ చేసే పనిలోంచి ఒక అడుగు పక్కకు జరిగి, ఆ పనినే ప్రశ్నించడానికి చోటు కావాలి. ప్రశ్నిస్తే తప్పు పట్టని మనుషులు కావాలి. పాతికేళ్ళ ఉద్యోగంలో నాకు ఆ చోటు తరగతి గదిలో మొదటిసారి దొరికింది. ఇప్పుడు నా టేబుల్ మీదికి వచ్చే సీజనల్ ఖాతాలకు నెలవారీ నగదు లెక్క అడుగుతున్నాను. పీక్ లిమిట్, నాన్‌పీక్ లిమిట్ వేరువేరుగా పెట్టిస్తున్నాను. ఈ వెసులుబాటు బ్యాంకు పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది. వాడేవాళ్ళు తక్కువ.

రెండో సంగతి ఇంకా లోతైనది.

స్టాటిస్టిక్స్ క్లాసులో అప్పుల సమాచారం ఇచ్చి, ఎవరు ఎగ్గొడతారో అంచనా వేసే మోడల్ కట్టమన్నారు. జట్టులో ఇద్దరు సాఫ్ట్‌వేర్ కంపెనీల ఫైనాన్స్ మనుషులు ఉన్నారు, కంప్యూటర్ పని చకచకా చేసేశారు. మోడల్ బాగానే వచ్చింది. అప్పుడు ప్రొఫెసరు అడిగారు: “ఈ పట్టికలో ఉన్నవాళ్ళందరూ అప్పు దొరికినవాళ్ళే కదా. దరఖాస్తు పెట్టి దొరకనివాళ్ళు ఏమయ్యారు? వాళ్ళలో ఎంతమంది చక్కగా కట్టి ఉండేవాళ్ళు?” ఈ సమస్యకు ఆ శాస్త్రంలో రిజెక్ట్ ఇన్ఫరెన్స్ అని పేరుంది. మిగతావాళ్ళకు అది ఒక సాంకేతిక చిక్కు. నాకు మాత్రం నా వృత్తి మొత్తం ఆ ప్రశ్నలో కనిపించింది.

మంత్రిగారూ, మేము ఇచ్చిన అప్పు మొండిబాకీ అయితే ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఫైలు తిరగేస్తారు, ఎవరు సిఫారసు చేశారు, ఎవరు సంతకం పెట్టారు అని స్టాఫ్ అకౌంటబిలిటీ తేలుస్తారు, అవసరమైతే విజిలెన్స్ దాకా పోతుంది. ఇవ్వకుండా తిప్పి పంపిన అప్పు గురించి మమ్మల్ని అడిగేవాళ్ళు లేరు. తిరస్కరించిన దరఖాస్తులకు రిజిస్టరు ఉంది. షెడ్యూల్డ్ కులాల, తెగలవారి దరఖాస్తును కాదనాలంటే పై స్థాయి అధికారే ఆ నిర్ణయం చేయాలన్న మంచి నిబంధన కూడా ఉంది. కానీ ఆ రిజిస్టరు తెరిచి, మనం పంపేసినవాళ్ళు పక్క బ్యాంకులో అప్పు తీసుకుని సక్రమంగా కట్టారా అని చూసే పని ఎవరిదీ కాదు. క్రెడిట్ బ్యూరోల రికార్డులు చేతిలో ఉన్న ఈ రోజుల్లో అది చూడలేనంత కష్టమేమీ కాదు.

2015లో రిజర్వు బ్యాంకు ఆస్తుల నాణ్యత సమీక్ష మొదలుపెట్టాక దాచిన మొండిబాకీలన్నీ బయటపడ్డాయి. 2018 మార్చి నాటికి ప్రభుత్వరంగ బ్యాంకుల స్థూల నిరర్థక ఆస్తులు 14.6 శాతానికి చేరాయి. ఆ సమీక్ష జరగవలసిందే, దాని మేలు తర్వాత అందరం చూశాం. కానీ ఆ ఏళ్ళలో అప్పుల డెస్కుల మీద కూర్చున్నవాళ్ళ మనసుల్లో భయం పాతుకుపోయింది. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించి, నిజాయితీగా చేసిన వ్యాపార నిర్ణయానికి కొంత రక్షణ తెచ్చారు. చట్టం మారినా చెయ్యి ఇంకా వెనక్కి లాగుతూనే ఉంది. యువ మేనేజరు మంచి ఫైలు ముందు పెట్టుకుని కూడా సంతకం చేయడానికి జంకడం నేను చాలాసార్లు చూశాను. అతను పిరికివాడు కాడు. ఇస్తే తప్పు పట్టే, ఇవ్వకపోతే పట్టించుకోని ఏర్పాటులో ఎవరైనా అలాగే చేస్తారు. ఒకరి తరఫున ఇంకొకరు నిర్ణయం చేసేటప్పుడు తలెత్తే ఏజెన్సీ సమస్య గురించి ఎకనామిక్స్ ప్రొఫెసరు చెప్పిన పాఠంతో ఇది నాకు స్పష్టమైంది. అంతవరకూ నేను దాన్ని మనుషుల స్వభావంగానే చూస్తూ వచ్చాను. ఏర్పాటులోనే లోపం ఉందని తెలిశాక, దాన్ని మార్చే పని ఏర్పాటు చేతిలో ఉన్నవాళ్ళదని కూడా తెలిసింది.

అందుకే పైవాళ్ళు చదవాలంటున్నాను. ఇప్పుడు బ్యాంకుల్లో చేరుతున్న పిల్లల్లో ఎంబీయేలు, ఇంజినీర్లు బోలెడుమంది. ఈ పాఠాలన్నీ వాళ్ళు చదివే వస్తారు. స్కేల్ వన్‌లో ఉన్న కుర్రవాడికి నిబంధనను కదిలించే అధికారం ఉండదు. పదేళ్ళు గడిచేసరికి సర్క్యులర్ల కింద అతని చదువు మరుగునపడుతుంది. అధికారం ఉన్న మేము వేరే కాలంలో తయారైనవాళ్ళం. చదువూ అధికారమూ ఒకే మనిషిలో కలిసే దారి మాలాంటివాళ్ళను మళ్ళీ బడికి పంపడమే.

ఇది ఆలస్యం చేయదగ్గ పని కాదు. 2004 నుంచి మాకు 90 రోజుల నిబంధన అలవాటు. వాయిదా 90 రోజులు దాటితే నిరర్థక ఆస్తి, అప్పుడు ప్రొవిజన్. ఇప్పుడు నష్టం రాకముందే అంచనా వేసి పక్కన పెట్టే ఎక్స్‌పెక్టెడ్ క్రెడిట్ లాస్ పద్ధతి రాబోతోంది. దీనిమీద రిజర్వు బ్యాంకు 2023 జనవరిలో చర్చాపత్రం విడుదల చేసింది. 2025 అక్టోబరులో, 2027 ఏప్రిల్ 1 నుంచి అమలు చేయాలని ప్రతిపాదించింది. పది కోట్ల అప్పు ఉందనుకోండి. ఎగవేతకు అవకాశం 4 శాతం, ఎగవేస్తే పోయేది సగం అని మోడల్ చెప్తే, ఇప్పుడే 20 లక్షలు పక్కన పెట్టాలి. గుణకారం ఎవరైనా చేస్తారు. ఆ 4 ఎక్కడినుంచి వచ్చింది? కోయంబత్తూరు మిల్లుల చరిత్రతో కట్టిన మోడల్‌ను చిలకలూరిపేట స్పిన్నింగ్ మిల్లుకు తగిలించారా? ఏ సంవత్సరాల సమాచారం వాడారు, కోవిడ్ కాలపు మారటోరియం నెలల్ని ఎలా లెక్కించారు? ఈ ప్రశ్నలు వెయ్యవలసింది మోడల్ అమ్మిన కంపెనీ కాదు. దానిమీద సంతకం పెట్టే జనరల్ మేనేజర్లూ డిప్యూటీ జనరల్ మేనేజర్లూ వెయ్యాలి. వెయ్యడం వాళ్ళకు ఎవరు నేర్పుతారు?

శిక్షణ లేదని నేను అనను. పుణేలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంక్ మేనేజ్‌మెంట్ 1969 నుంచి ఉంది. బ్యాంకులకు సొంత స్టాఫ్ కాలేజీలు ఉన్నాయి. అక్కడ నాకు పాఠం చెప్పిన పెద్దవాళ్ళ పట్ల నాకు గౌరవం. కానీ అవి కొద్ది రోజుల కోర్సులు, అదీ మాలో మేమే కూర్చునే కోర్సులు. ఇక ఆన్‌లైన్ మాడ్యూళ్ళ సంగతి మా సిబ్బందికందరికీ తెలుసు. మార్చి ముగిసేలోపు ఇన్ని పూర్తిచేయాలని టార్గెట్ వస్తుంది. ఒక చేత్తో కస్టమర్‌కి జవాబిస్తూ ఇంకో చేత్తో ‘నెక్స్ట్’ నొక్కుతారు. సర్టిఫికెట్ వచ్చేస్తుంది. దాన్ని చదువు అనడం మా సిబ్బందికి అన్యాయం చేయడమే.

బయటివాళ్ళతో కలిసి కూర్చోవడం వేరు. నా తరగతిలో మందుల కంపెనీ ఫైనాన్స్ అధిపతి, ఆసుపత్రి నడిపే డాక్టరు, సైన్యంలోంచి వచ్చిన అధికారి, చార్టర్డ్ అకౌంటెంట్లు, స్టార్టప్ పెట్టి మూసేసిన యువకుడు ఉన్నారు. అప్పు తీసుకునే మనిషి బ్యాంకును ఎలా చూస్తాడో ఆ యువకుడి నోట విన్నాను. కౌంటరుకు ఇవతల కూర్చున్నంతకాలం నాకు ఎవరూ అంత సూటిగా చెప్పలేదు. మేము వాళ్ళకు ఇచ్చిందీ తక్కువ కాదు. ఒకరోజు ఒక విదేశీ కంపెనీ అనుభవం మీద పాఠంగా రాసిన కేసులో నిల్వల విలువ ఎంతకు కట్టాలన్న చర్చ వచ్చింది. అందరూ పట్టికలోని అంకెల మీద వాదిస్తున్నారు. ఆ సరుకు ఎవరైనా వెళ్ళి చూశారా అని నేను అడిగాను. గోదాము తనిఖీకి వెళ్ళినప్పుడు బస్తాల గుట్ట బయటి వరసలు మంచి సరుకుతో ఉండి, నడుమ ఊక బస్తాలు పేర్చి ఉండటం మా వృత్తిలో కొత్త కాదు. గుట్ట పైకెక్కి నడుమ వరసలోంచి బస్తా లాగించి కోసి చూడాలి. బాకీదారుల జాబితాలో 90 రోజులు దాటినవాటిని తీసేశాకే డ్రాయింగ్ పవర్, అంటే ఖాతాలోంచి వాడుకోనిచ్చే మొత్తం, కట్టాలి. ఇవన్నీ చెప్పుకుంటూ పోయాను. ప్రొఫెసరు ఆ రోజు పాఠం ఆపేసి నన్నే మాట్లాడమన్నారు, తర్వాత దాన్ని కేసుగా రాయమని అడిగారు.

ఆ మాట నాకు ఇంకో ఆలోచన తెచ్చింది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1908లో మొదలైంది. ఉద్యోగంలో ఉన్నవాళ్ళకోసం ఎంబీయేను షికాగో విశ్వవిద్యాలయం 1943లోనే పెట్టింది. ఆ పద్ధతి మనమూ తెచ్చుకున్నాం, మంచిదే. కానీ నేను చదివిన కేసుల్లో మన నేల మీద జరిగినవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమైంది, మరుసటి ఏడాదే క్రెడిట్ కార్డు తెచ్చింది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అంతకు మూడేళ్ళ ముందు, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసింది. రెండు సంస్థల సిబ్బంది, ఖాతాదారులు, కంప్యూటర్ వ్యవస్థలు ఎలా కలిశాయి, ఎక్కడ నలిగాయి అన్నది విలీనాల మీద ప్రపంచంలో ఎక్కడైనా చెప్పదగిన పాఠం. ఆ పనిలో స్వయంగా మునిగినవాళ్ళు ఇంకా ఉద్యోగంలో ఉన్నారు. వాళ్ళు రిటైరైపోతే ఆ అనుభవం వాళ్ళతోనే పోతుంది. వాళ్ళను తరగతికి పంపితే, వచ్చేటప్పుడు ఆ కేసులు రాసి వస్తారు.

ఇక చదువు సాగిన తీరు. ఆఫీసు ముగించుకుని ఇంటికొచ్చి పెద్ద పెద్ద కేసులు చదవడం మొదట్లో కష్టమయింది. ఫైలు చదివే కన్ను వేరు, పుస్తకం చదివే కన్ను వేరు. కొన్ని నెలలకు అలవాటు పడింది. డైనింగ్ టేబుల్‌కి ఒకవైపు ఇంజినీరింగ్ చదివే మా అమ్మాయి, ఇంకోవైపు నేను. ఎక్సెల్‌లో నాకు తెలియనివి అది చెప్పేది, బ్యాలెన్స్ షీటు దానికి నేను చెప్పేదాన్ని. మా అత్తగారు మాత్రం ఒకే ప్రశ్న అడిగారు: “ఇంత కష్టపడుతున్నావు, ఇది చదివితే ప్రమోషనిస్తారా అమ్మా?” ఇవ్వరత్తయ్యా అన్నాను. “మరి ఎవరికోసం?” అన్నారు. ఆ ప్రశ్నను నేను బ్యాంకు తరఫున మీ ముందు పెడుతున్నాను.

ఎందుకంటే బ్యాంకు దృష్టిలో ఈ చదువు లేదు. నాకు ప్రత్యేకంగా సెలవు ఇవ్వలేదు, కూడబెట్టుకున్న సెలవులన్నీ తరగతులకే ఖర్చయ్యాయి. త్రైమాసిక ముగింపులు, పరీక్షలు ఒకే వారంలో పడేవి. కోర్సు నడుమ వేరే రాష్ట్రానికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఒక పెద్ద అధికారి మాట సాయంతో వాయిదా పడింది. అలాంటి మాట సాయం దొరకని సహోద్యోగి ఒకరు ఫీజు పోగొట్టుకుని చదువు మానేశారు, నాకన్నా చురుకైన మనిషి. కోర్సు పూర్తయ్యాక సర్వీసు రికార్డులో నమోదు చేయమని రాస్తే, ఆ వివరం నింపడానికి కంప్యూటర్లో గడి లేదని జవాబొచ్చింది. “ఇక ప్రైవేటు బ్యాంకుకు పోతారన్నమాట” అని అడిగినవాళ్ళున్నారు. నాకు పోవాలని లేదు. ఉండి పనిచేయాలనే చదివాను.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 1972 నాటి సెలవు నిబంధనల ప్రకారమే 24 నెలల దాకా స్టడీ లీవు దొరుకుతుంది. ఐఏఎస్ అధికారులకు 2007 నుంచి నడి సర్వీసులో దశలవారీ శిక్షణ ఉంది. సింగపూర్ 2024లో నలభై దాటిన ప్రతి పౌరుడికీ నాలుగు వేల సింగపూర్ డాలర్ల చదువు ఖాతా ఇచ్చింది. పూర్తికాలం చదివేవాళ్ళకు నెలకు మూడు వేల దాకా భత్యం కూడా పెట్టింది. చిన్న దేశం కదా అని తోసిపుచ్చకండి. మీ చేతిలో ఉన్న ప్రభుత్వరంగ బ్యాంకులు పన్నెండే.

ఖర్చు సంగతి. పేరున్న స్కూళ్ళలో ఇలాంటి కోర్సు ఫీజు కొన్నిచోట్ల ముప్పై లక్షలు దాటుతుంది. ఒక అధికారి జీతానికి అది భారమే, బ్యాంకుకు కాదు. ఇరవై కోట్ల ఖాతా ఒక్కటి సరిగ్గా అంచనా వేసి కాపాడితే, లేదా ఒక మంచి మిల్లుకు సమయానికి సరైన లిమిట్ ఇస్తే ఆ ఫీజు ఎన్నిసార్లు తిరిగొస్తుందో మీకు లెక్క చెప్పాలా? నలభై ఎనిమిదేళ్ళ అధికారికి అరవై దాకా పన్నెండేళ్ళ సర్వీసు ఉంటుంది. చదివించాక ఐదేళ్ళు ఉండాలని బాండు రాయించుకోండి, సంతోషంగా సంతకం పెడతాం. సొంత డబ్బుతో చదివేవాళ్ళకు పన్నులో కూడా ఊరట లేదు. విద్యా రుణం వడ్డీ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. ఐఐఎంలలో డిగ్రీ, డిప్లొమా ఇచ్చే దీర్ఘకాలిక కోర్సులకు జీఎస్టీ లేదు కానీ, పాల్గొన్నట్టు సర్టిఫికెట్ మాత్రమే ఇచ్చే స్వల్పకాలిక కోర్సులపై 18 శాతం ఉంది. మాలాంటివాళ్ళు ఎక్కువగా వెళ్ళగలిగేవి ఆ చిన్న కోర్సులే. ఈ రెండూ మారడానికి చొరవ తీసుకోగలవారు మీరే.

ఒక మాట ఆడవాళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నాతో చేరిన మహిళా అధికారుల్లో చాలామంది బదిలీకి భయపడి ప్రమోషన్లు వదులుకున్నారు. పిల్లలు, వాళ్ళ బళ్ళు, ముసలి తల్లిదండ్రులు, అన్నీ వాళ్ళ మీదే. ఇప్పుడు పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. వీళ్ళకు తెలివి, అనుభవం, ఇంకా పదేళ్ళకు పైగా మిగిలిన సర్వీసు, అన్నీ ఉన్నాయి. ఇన్నాళ్ళు వెనకబడ్డామన్న సంకోచం ఒక్కటే అడ్డు. తరగతి గది ఆ సంకోచాన్ని వదిలిస్తుంది. నేను కళ్ళారా చూశాను. బ్యాంకుల పై మెట్ల మీద మహిళలు ఎందుకు తక్కువని ప్రతి మార్చి 8న మాట్లాడుకునే బదులు, నలభై దాటిన మహిళా అధికారులకు ఈ సీట్లలో న్యాయమైన వాటా ఇవ్వండి.

ఎంపిక మాత్రం పైవాళ్ళకు ఇష్టమైనవాళ్ళకు ఇచ్చే బహుమతిగా మారకూడదు. రాతపరీక్ష పెట్టండి. గ్రామీణ, సెమీ అర్బన్ శాఖల్లో చేసినవాళ్ళకు సీట్లు విడిగా ఉంచండి, అప్పు అంటే ఏమిటో తెలిసింది వాళ్ళకే. కోర్సు ముగిసేదాకా బదిలీ ఉండకూడదు. తిరిగొచ్చినవాళ్ళను రిస్క్, క్రెడిట్ పాలసీ విభాగాల్లో వేయాలి. తిరస్కరించిన దరఖాస్తుల పరిశీలన లాంటి పని వాళ్ళకే అప్పజెప్పాలి. మొదలుపెట్టడానికి హైదరాబాదును మించిన చోటు లేదు. అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ 1956 నుంచి ఇక్కడే ఉంది. బ్యాంకింగ్ సాంకేతికత కోసం రిజర్వు బ్యాంకు 1996లో పెట్టిన ఐడీఆర్‌బీటీ ఇక్కడే ఉంది. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ 2001 నుంచి గచ్చిబౌలిలో నడుస్తోంది. కోస్తా జిల్లాల అధికారులకు 2015లో వచ్చిన విశాఖ ఐఐఎం ఉంది. ఉన్న సంస్థలను కలిపి పన్నెండు బ్యాంకుల మధ్యవయసు అధికారుల కోసం ఒక ఉమ్మడి కోర్సు కట్టమని అడగండి చాలు.

మంత్రిగారూ, కొత్త ప్రొవిజనింగ్ పద్ధతికి ప్రతిపాదించిన గడువు 2027 ఏప్రిల్ 1. ఆ తేదీ నాటికి ఒక్కో బ్యాంకు నుంచి కనీసం ఇరవై మంది సీనియర్ అధికారులు జీతంతో కూడిన స్టడీ లీవు మీద తరగతుల్లో ఉండేలా పన్నెండు బోర్డులకు ఆదేశం పంపండి. పంపాక ఆ పేర్ల జాబితా తెప్పించుకుని మీరే చూడండి.

ఇట్లు,
ఒక ప్రభుత్వరంగ బ్యాంకు అధికారిణి,
హైదరాబాదు